హగరి దాటితే నాటకం

ఉత్తర కార్తెలో హింగారి జొన్న విత్తి, హస్తలో చెనక్కాయ పీకి, కాయలు కళ్లంలో ఆరబోసేదాకా మా ఊళ్లో ఎవరికీ ఊపిరి సలిపేది కాదు. పీకిన చెట్ల నుంచి కాయలు కోసే పని రాత్రిళ్లు కూడా సాగేది. లాంతరు చుట్టూ కూచుని కోస్తూ ఆడవాళ్లే మొదలుపెట్టేవాళ్లు ఆ మాట. "ఈయేడన్నా బళ్లారికి పిల్చకపోతారా, పోయినేడు మాదిరి వాన సాకు చెప్తారా?" మగవాళ్లు వినబడనట్టు బీడీ ముట్టించుకునేవాళ్లు గానీ లోపల వాళ్లకూ అదే ధ్యాస. చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ, ఎద్దులకు కాస్త తీరిక దొరికేదీ ఏడాదిలో ఆ నెలా నెలన్నరే. నవరాత్రుల పాడ్యమి నుంచి కార్తీక పున్నమి దాకా మాకు ఆటల కాలం.

మాది ఆలూరు తాలూకా. హాలహర్వి దాటి, హగరి ఏట్లో దిగి ఎక్కితే మోక. అక్కణ్ణుంచి ఇక బళ్లారే. నేను చెప్పేది 1960ల చివరి నుంచి 80ల నడిమి దాకా సంగతి. అప్పటికే రాష్ట్రాలు వేరయ్యాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పాత బళ్లారి జిల్లాను చీల్చి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలను ఇటు ఉంచారు, తక్కినవి మైసూరుకు ఇచ్చారు. బళ్లారి తాలూకా ఎటన్నది తేలక జస్టిస్ మిశ్రా చేత విచారణ జరిపించి, చివరికి దాన్నీ అటే కలిపారు. దాని మీద ఇరుపక్కలా ఎన్ని సభలు, ఎన్ని వాదాలు! మా పెద్దనాయన మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేవాడు: "తాలూకా ఆంధ్రాకొచ్చె, నాటకం మైసూరుకు పాయె." పత్తి అమ్మాలన్నా బళ్లారి మండీకే, పెండ్లిబట్టలకూ బళ్లారికే, మనిషికి ముదిరిందంటే బళ్లారి ఆస్పత్రికే. దసరాకు ఆట చూడాలన్నా మరి అక్కడికే కదా. జిల్లా కేంద్రం కర్నూలు అని బళ్లో చదువుకున్నాం గానీ, మా ఊళ్లో సగం మంది ఆ ఊరి మొహం చూడలేదు.

బళ్లారికి పొయ్యేదంటే ఒక ఇల్లు పొయ్యేది కాదు, వీధి వీధంతా కదిలేది. బస్సు లేక కాదు. ఎర్ర బస్సు ఉండేది. కానీ ఆట అర్ధరాత్రి వదిలితే ఆ వేళప్పుడు బస్సెక్కడిది? పైగా అవ్వల్ని, పసిపిల్లల్ని, సద్దిమూటల్ని, కంబళ్లని ఎక్కిస్తామంటే కండక్టరు ఊరుకుంటాడా? అందుకని బండ్లు కట్టేవాళ్లు. బండిలో సొప్ప పరిచి, దాని మీద బొంత, బొంత మీద మేం. ఇరుసు కింద లాంతరు వేలాడేది. రేగడినేల తోవ, పైన ఒక్క వాన పడిందంటే చక్రానికి మన్ను అంటుకుని అడుగు కదలదు. అప్పుడు మగవాళ్లంతా దిగి కొడవళ్లతో చక్రం గీకాల్సిందే. హగరిలో ఆ రోజుల్లో మోకాలిలోతు నీళ్లుండేవి. ఏట్లోకి దిగగానే ఎద్దులు నీళ్లు తాగుతూ నిలబడిపోయేవి, ఎంత అదిలించినా కదిలేవి కావు. వెనక బండ్లు కూడా వచ్చి ఆగిపోయేవి. ఆ ఆగిన కాసేపట్లో బండికీ బండికీ మధ్య ఎన్ని సంగతులు జరిగేవో! మా అత్త పెండ్లి మాట అట్లా ఏట్లోనే కుదిరిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

దూరం నుంచి మొదట కనబడేది గుడ్డ. బళ్లారి కోటగుడ్డ. అది కనబడగానే పిల్లలం బండి మీద నిలబడేవాళ్లం, పెద్దలు కూచోమని కసిరేవాళ్లు. పత్తి మండీల దగ్గర బండ్లు విప్పి, ఎద్దులకు మేత వేసి, కౌల్‌బజారులో ఉన్న దూరపు చుట్టాల ఇంట్లో అవ్వల్ని దించి, తక్కినవాళ్లం బజారున పడేవాళ్లం. మొదట ఉగ్గాణి. బొరుగుల్ని నీళ్లలో ముంచి పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిరప, పసుపు వేసిన తిరగమాతలో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి కాగితంలో ఇచ్చేవాళ్లు. అక్కడ దాన్ని ఒగ్గరణి అంటారు. ఇంట్లో మా అమ్మ కూడా చేసేది. కానీ బళ్లారి బజ్జీ కారం వేరు. ఆ కారానికి కళ్లు తుడుచుకుంటూ సినిమా హాలు ముందు వరసలో నిలబడేవాళ్లం.

సినిమాల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. బళ్లారిలో తేడా ఏమంటే, మధ్యాహ్నం ఆటకు రామారావు, రాత్రి ఆటకు రాజ్‌కుమార్. రెండూ చూసి, తిరుగు ప్రయాణంలో ఎవరు గొప్ప అని బండ్లో తగవు పడేవాళ్లు. రాజ్‌కుమార్ తెలుగులో చేసింది 1954 నాటి ‘కాళహస్తి మహాత్మ్యం’ ఒక్కటే. ఆ ఒక్కదాన్నే పట్టుకుని మా పెద్దనాయన ఆయన్ను మనవాడి కింద జమకట్టేసేవాడు. ఇంకో తమాషా. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిన ఈ జిల్లాలను వాళ్లు సీడెడ్ అన్నారు. సర్కారు కాగితాల్లోంచి ఆ పేరు ఎప్పుడో పోయింది, బళ్లారి వేరే రాష్ట్రానికి పోయింది. కానీ తెలుగు సినిమా పంపిణీదార్ల లెక్కల్లో సీడెడ్ ఇంకా బతికే ఉంది, బళ్లారితో సహా. మిశ్రాగారి తీర్పు వాళ్లదాకా చేరలేదేమో.

అసలు మేం పొయ్యేది నాటకానికి. ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే బళ్లారి అంటే ఇప్పటి పిల్లలకు ఇనుపఖనిజం, జీన్సు ప్యాంట్లు గుర్తొస్తాయి. మా పెద్దల నోట ఆ ఊరి పేరు వచ్చిందంటే వెనకాలే ముగ్గురు ప్లీడర్ల పేర్లు వచ్చేవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, రాఘవ. ధర్మవరంవారు 1886లో సరస వినోదిని సభ పెట్టి తన నాటకాలు తనే రాసి ఆడించారు. ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ ఆయనవే. ఏడుపుతో ముగిసే నాటకం తెలుగులో మొదట రాసింది ఆయనే అంటారు. కోలాచలంవారు పోటీగా సుమనోరమ సభ నడిపారు. ఆయన పుట్టింది హంపి పక్కన కమలాపురంలో. చిన్నప్పటి నుంచి చూసిన ఆ శిథిలాలే ఆయన చేత ‘రామరాజు చరిత్ర’ రాయించి ఉంటాయి. తళ్లికోట యుద్ధం, విజయనగరం కూలిపోవడం దాని కథ. అందులో పఠాన్ రుస్తుం వేషంతో రాఘవ పేరు మోగిపోయింది. ఒక చిన్న జిల్లా కోర్టు ఊళ్లో, పగలంతా దావాలు వాదించుకునే మనుషులు రాత్రికి రెండు సభలుగా చీలి నాటకాల్లో పోటీపడ్డారంటే ఆ ఊరి గాలి ఎట్లాంటిదో చూడండి.

ఆ గాలి ఎంతదాకా వీచిందో కూడా చెప్పాలి. 1891లో ధర్మవరంవారి సభ మద్రాసుకు పోయి నాటకాలు ఆడింది. పమ్మల్ సంబంధ మొదలియార్ అనే కుర్రవాడు అది చూసి, మనవాళ్లు కూడా ఇట్లా ఆడాలని అదే ఏడు సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత తమిళులు ఆయన్నే తమ ఆధునిక నాటకానికి తండ్రి అన్నారు. తమిళ నాటక చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతి మర్చిపోకుండా రాస్తారు. మనమే మర్చిపోయాం.

రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. ధర్మవరంవారికి మేనల్లుడు. ఇంటిపేరు పోయి ఊరి పేరు ఆయనకు ఇంటిపేరైంది. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ వేషం కట్టాడు. 1920ల చివర్లో యూరపు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చాడు. ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, సంసారుల ఇళ్ల నుంచి చదువుకున్న స్త్రీలను రంగస్థలం ఎక్కించాడు. సినిమాల్లోనూ నటించాడు, గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసిన ‘రైతుబిడ్డ’ వాటిలో ఒకటి. 1946లో పోయాడు. మా పెద్దనాయన ఆయన్ను చూశానని చెప్పేవాడు. ఏ నాటకంలో అని అడిగితే ఒక్కో ఏడు ఒక్కో పేరు చెప్పేవాడు. అయినా మేం నమ్మేవాళ్లం. నమ్మకపోతే మిగతా కథ చెప్పడు.

ఇందులో ఒక చిక్కుంది. పద్యం ఎత్తుకుని గంటల తరబడి రాగం సాగదీయడం రాఘవకు గిట్టదు. మాట మాటలాగా రావాలి, కోపం కోపంలాగా కనబడాలి అంటాడు. మేమేమో రాఘవ ఊరివాళ్లమని గొప్పలు పోతూనే, ఆయన వద్దన్న రాగాలనే ‘వన్స్‌మోర్’ అని మళ్లీ మళ్లీ పాడించుకునేవాళ్లం. నాటకంలో పద్యాన్ని రాగయుక్తంగా పాడించే పద్ధతికి ఊపు తెచ్చింది ధర్మవరంవారు. ఆ లెక్కన మేనమామకీ మేనల్లుడికీ మధ్య మా పల్లెలు మేనమామ పక్షమే. ఈ మాట బళ్లారిలో రాఘవ పేరిట ఉన్న కళామందిరంలో నిలబడి అంటే ఎవరైనా నొచ్చుకుంటారేమో గానీ, నిజం.

పట్నంలో చూసినంత చూసి ఊరికి తిరిగొస్తే, అక్కడ మా సొంత నాటకం కాసుకుని ఉండేది. దసరా అయిన నాలుగైదు రోజులకు కురుక్షేత్రం. రెండు నెలల ముందు నుంచి బడి వసారాలో హార్మోనియం మాష్టరు వచ్చి నేర్పేవాడు. కృష్ణుడు మా ఊరి దర్జీ, అర్జునుడు కరణం గారి అబ్బాయి, దుర్యోధనుడు మా మామ. పొలంలో మడక పట్టుకుని కూడా పద్యం అందుకునేవాడు. ఎద్దులకు ఆ రాగం అలవాటై పాట ఆపితే నిలబడిపోయేవని మా అత్త ఎగతాళి. మగవేషాలన్నీ ఊరివాళ్లవే. ద్రౌపది మాత్రం బళ్లారి నుంచి వచ్చేది.

బళ్లారిలో నాటకం మీదే బతికే ఆడవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. సుభద్రమ్మ మన్సూర్ లాంటి పేరుమోసినవాళ్ల దగ్గర నుంచి, పేరు ఎక్కడా అచ్చుపడనివాళ్ల దాకా. చుట్టుపక్కల నూరు ఊళ్లలో ఏ ఊరు నాటకం పెట్టుకున్నా వాళ్లే రావాలి. ఈ రాత్రి కన్నడ పల్లెలో కందగల్ హనుమంతరాయరి ‘రక్తరాత్రి’, మర్నాటి రాత్రి మా దగ్గర తిరుపతి వేంకట కవుల పద్యాలు. ఆ రాత్రి, ఈ రాత్రి ఆమే ద్రౌపది. రాఘవ పట్టుబట్టిన సంగతిని వీళ్లు కడుపుకోసం చేసి చూపించారు. ఆయనకు దక్కిన గౌరవంలో పదోవంతు కూడా వీళ్లకు దక్కలేదు. నాటకానికి వచ్చే ఆడది అని ఊళ్లో కొందరు మాట జారేవాళ్లు, ఆ కొందరే ముందు వరసలో చాప పరుచుకునేవాళ్లు.

ఒక ఏడు వచ్చినామె నాకు బాగా గుర్తు. సాయంత్రం బస్సుకు ట్రంకుపెట్టె, చంకలో బిడ్డతో దిగింది. కాళ్లు కడుక్కోకముందే హార్మోనియం దగ్గరికి పోయి, "మీ కృష్ణుడు ఎన్నో శ్రుతిలో పాడతాడు మాష్టరూ?" అంది. ఆయన నాలుగు అన్నాడు. దర్జీ ఒక పద్యం పాడి వినిపించాడు. "నాలుగు కాదులే, మూడుకు దించుకోండి, తెల్లారేదాకా నిలవాలి గొంతు" అని చెప్పి ట్రంకు తెరిచింది. మూతకు లోపల అద్దం బిగించి ఉంది. అర్దళం రంగు కల్వంలో నూరుకుని ముఖానికి తనే రాసుకుంది, కనుబొమలు తనే దిద్దుకుంది. బిడ్డను మా అవ్వ ఒళ్లో పడుకోబెట్టి, "ఏడిస్తే పాలసీసా అదిగో" అని చూపించి తెరలోకి పోయింది. రిహార్సలు లేదు. మా దుర్యోధనుణ్ని ఆమె మొదటిసారి చూడటం కొలువులోనే.

పెట్రోమాక్సు లైట్ల చుట్టూ పురుగులు ముసిరేవి, మాంటిలు తెగితే ఆట ఆగేది. ఆ రాత్రి నిండుసభలో మా మామకు పద్యం తప్పింది. గద మీద చెయ్యేసి నిలబడ్డాడు, నోరు రావడం లేదు. హార్మోనియం అదే స్వరం మీద తిరుగుతోంది. ఆమె జుట్టు ముఖం మీద పడేట్టు తల వంచి, వెక్కుతున్నట్టు రెండడుగులు అతని వైపు జరిగి, జనానికి వీపు పెట్టింది. మరుక్షణం మామ పద్యం ఎత్తుకున్నాడు. ఏమీ జరగనట్టే ఉంది. కానీ ముందు వరసలో గొర్రెలు కాసే ముసలాయన పక్కవాడితో అంటున్నాడు: "ఆయమ్మి అందించినాదిలే. మొదటిపాదం పూరా చెప్పినాది." ఆ ముసలాయనకు సంతకం రాదు. పద్యాలన్నీ వచ్చు. ఏ పద్యం తర్వాత ఏది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎవరు ఎక్కడ ఎగ్గొట్టారు అన్నీ తెలుసు. తర్వాతి పద్యం ఆమె పాడినప్పుడు మొదటి ‘వన్స్‌మోర్’ ఆయనదే. చదివింపుల్లో మొదటి రూపాయీ ఆయనదే.

నేను ఇదంతా రాయడానికి కారణం ఆ ముసలాయనే. నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు, ఆ సంగతికి వస్తాను. చూసేవాళ్ల గురించే నా బాధ. ఆటగాళ్లు తప్పు చేస్తే పట్టుకునేది, పట్టుకుని కూడా పరువు కాపాడేది ఆ జనం. కన్నడ నాటకాన్నీ తెలుగు నాటకాన్నీ ఒకే చెవితో వినగలిగేది ఆ జనం. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ప్రతి ఏడాదీ ఆ నెలన్నర రోజులు మేలుకుని మేలుకుని వాళ్లకు అబ్బిన విద్య అది.

మేలుకోవడానికి ఒక్క నాటకమేనా? విజయదశమి సాయంత్రం జమ్మి దగ్గరకు పోయి ఆకు తెంపుకుని, బన్ని బంగారం అంటూ ఇల్లిల్లూ తిరిగి పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లకు మొక్కి, అదే రాత్రి దేవరగట్టుకు నడిచేవాళ్లం. మాళ మల్లేశ్వరుడి గుడి అది, హొళగుంద దగ్గర గుట్ట మీద. అర్ధరాత్రి ఉత్సవమూర్తులు దిగివస్తుంటే నెరణికి, కొత్తపేట వాళ్లు ఒక జట్టుగా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకో జట్టుగా కర్రలతో తలపడేవాళ్లు. దివిటీల వెలుగులో కర్రలకున్న ఇనుప పొన్నులు మెరిసేవి. ఏటా తలలు పగిలేవి, గాయానికి బండారు అద్దుకుని మళ్లీ దూకేవాళ్లు. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. పిల్లప్పుడు భయం, పెద్దయ్యాక చికాకు. కానీ తెల్లవారుజామున కార్ణికం కోసం ఉండిపోయేవాణ్ని. అంత గలాటా చేసిన జనం గప్‌చుప్‌న నిలబడితే పూజారి ఆ ఏడు పత్తి ఏ ధర పలుకుతుందో, జొన్న ఎట్లా ఉంటుందో చెప్పేవాడు. సిరుగుప్ప పక్క నుంచి వచ్చిన కన్నడ రైతులూ, మావాళ్లూ ఒకే ధర విని ఇళ్లకు పొయ్యేవాళ్లు. కర్ర సమరం ఇప్పటికీ ఆగలేదు. వందల మంది పోలీసులు వస్తారు, టీవీవాళ్లూ వస్తారు.

80ల మొదట్లో కొన్నేళ్లు పీర్ల పండుగ కూడా జరుగుతూ జరుగుతూ వచ్చి దసరా దగ్గరే పడింది. ఆ ఏళ్లలో మా ఊరికి అసలు నిద్ర లేదు. అలావు గుండం చుట్టూ అడుగులేసేవాళ్లూ నాటకంలో వేషాలేసేవాళ్లూ వాళ్లే కదా. మా దర్జీ కృష్ణుడు సాయిబు. కృష్ణుడి వేషం కడిగి పీరు ఎత్తుకునేవాడు. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు, నేనూ ఇప్పుడు రాస్తుంటేనే గమనిస్తున్నాను.

కార్తీకంలో బుర్రకథ చెప్పే బుడగజంగాలు దిగేవాళ్లు. వాళ్ల కులంలో పుట్టినామే దరోజి ఈరమ్మ. సండూరు తాలూకా దరోజి ఊళ్లో ఉండేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పాడేది కన్నడ కావ్యాలు. కుమారరాముడి కథ లాంటివి రాత్రులకు రాత్రులు చెప్పేది. చదువు రాని ఆమెకు హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ బిరుదిచ్చింది. 2014లో పోయింది. ఆమె పేరు మా పక్క ఎంతమందికి తెలుసు? తెలుగావిడే అయినా కన్నడంలో పాడింది గనక తెలుగువాళ్లు లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

చేతిలో ఇంకా డబ్బు మిగిలిన ఏడు లారీ మాట్లాడుకుని డ్యాముకూ హంపికీ పొయ్యేవాళ్లం. అక్టోబరుకు తుంగభద్ర నిండి ఉండేది. 33 గేట్లను పిల్లలు లెక్కపెట్టి, ఎవరి లెక్కా కుదరక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. మా కాలవల్లోకి వచ్చే నీళ్లు ఇక్కణ్ణుంచే వస్తాయని చూపించి, పెద్దలు ఆ నీళ్లకు దండం పెట్టించేవాళ్లు. ఓళిగలు, చిత్రాన్నం అక్కడే తిని మధ్యాహ్నానికి హంపి చేరేవాళ్లం. మహర్నవమి దిబ్బ ఎక్కినప్పుడు పెద్దనాయనకు పూనకం వచ్చేది. 1520 ప్రాంతంలో పోర్చుగీసు పేయిష్ ఇక్కడ తొమ్మిది రోజుల పండుగ చూసి రాసిపెట్టాడు. కుస్తీలు, నాట్యాలు, బాణసంచా, ఏనుగుల వరసలు. దిబ్బ చుట్టూ రాళ్ల మీద ఆ నాట్యకత్తెలు, ఆ మల్లులు ఇంకా ఉన్నారు. ఆయన వాళ్లను వేలితో చూపిస్తూ, "అప్పుడూ దసరాకు ఇంతే, బండ్లు కట్టుకుని ఆట చూడనీకి వచ్చిండ్లు మనోళ్లు" అనేవాడు. రాయలు కట్టించింది వేరే దానికైనా, ఆయన దృష్టిలో అది మా సీమ మొదటి నాటకశాల.

80ల్లో హడగలి ఎం.పి.ప్రకాశ్ మంత్రిగా ఉండి హంపి ఉత్సవాన్ని నిలబెట్టారు. ఆయనకు నాటకాల పిచ్చి. నవంబరు మొదటివారంలో మూడు రోజులు శిథిలాల మధ్య పాట, ఆట. మొదటి ఏళ్లలో మా బండ్ల బ్యాచీ అంతా పోయింది. ఇప్పుడు ఆ ఉత్సవం కొన్నేళ్లుగా జనవరికో ఫిబ్రవరికో జరిగిపోయింది. హంపి కూడా 2021 నుంచి బళ్లారి జిల్లాలో లేదు, విజయనగర జిల్లా అయింది. పాత బళ్లారి జిల్లాను మళ్లీ చీల్చారన్నమాట. పెద్దనాయన ఉంటే ఏమనేవాడో!

ఇదంతా ఎట్లా పోయిందంటే, అందరూ టీవీ అంటారు. కొంత నిజమే. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మహాభారత్ మొదలైంది, సరిగ్గా మా కురుక్షేత్రం రిహార్సళ్లప్పుడు. మరుసటేడు మా మామ గద తీసుకుని వస్తే, వెనక నుంచి ఒక పిల్లవాడు, టీవీ దుర్యోధనుడు ఇంకా లావుంటాడని అరిచాడు. మామ ఆ తర్వాత వేషం కట్టలేదు. తర్వాత సండూరు, హోస్పేట తోవల్లో ఖనిజం లారీలు మొదలయ్యాయి. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించేదాకా ఆ రోడ్ల మీద రాత్రిపూట మనిషి నడిచే వీలు లేదు, బండి సంగతి దేవుడెరుగు. చెట్ల ఆకులు ఎర్రగా ఉండేవి. దానికి తోడు రాత్రి పది దాటితే మైకు ఉండకూడదన్న నిబంధన వచ్చింది. పండుగలకు సడలించినా అర్ధరాత్రి దాకానే. తెల్లార్లు ఆడే నాటకానికి అర్ధరాత్రి అంటే ఇంకా రాయబారం కూడా కాదు.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, సుగ్గి అని మేం పిలిచే కూలి వలస ఒక ఎత్తు. చెనక్కాయ పోయింది, బావులు ఎండాయి, ఎద్దులు అమ్ముకున్నారు. ఇప్పుడు ఆలూరు, ఆదోని, కోసిగి పల్లెల్లో దీపావళి వెళ్లిందంటే లారీలు, ఆటోలు బారులు తీరతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు, మేస్త్రీ పనులకు బెంగళూరుకు. పొయ్యి, గిన్నెలు, బియ్యం మూట, పిల్లలు, కోళ్లు కూడా. మళ్లీ ఊళ్లు నిండేది ఉగాదికి. ఏ నెలన్నరలో మేం ఆటలు చూశామో, ఆ నెలన్నరే ఇప్పుడు ఊళ్లు ఖాళీ అయ్యే కాలం. ముసలాయన మనవళ్లకు పద్యం రాదని తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు కార్తీకపు రాత్రుళ్లు గుంటూరు జిల్లాలో పరదా గుడారాల కింద ఉన్నారు. వాళ్లకు పద్యం ఎవరు పాడతారు?

మా ఊళ్లో నాటకం ఆగలేదని చెప్పాను కదా. ఆలస్యమైతే జనం ఉండరని, దసరా మర్నాడే పెట్టేస్తున్నారు. రాత్రి ఏడుకు మొదలు, పన్నెండుకు ముగింపు. రాయబారం, వస్త్రాపహరణం, యుద్ధం, అంతే. విదూషకుణ్ని తీసేశారు. ఫోన్లలో లైవు పెడతారు, బెంగళూరులో ఉన్నవాళ్లు డబ్బులు అక్కణ్ణుంచే చదివిస్తారు, పేర్లు మైకులో చదువుతారు. పోయినేడు నిర్వాహకుల్లో ఒకడు, మా చిన్నాయన కొడుకు, నాకు ఫోన్ చేశాడు. కృష్ణుడు దొరకలేదు, ఆదోని నుంచి తెప్పిస్తున్నామన్నాడు. హార్మోనియం బదులు కీబోర్డు పెట్టామన్నాడు. నేను ఏమీ అనలేదు. ద్రౌపది ఎవరని అడిగాను.

"బళ్లారి నుంచేనన్నా. అడ్వాన్సు ఫోన్‌పేలో ఏసినాం. ఏ శ్రుతి అని ఇప్పుడే అడుగుతాంది, ఏం చెప్పాల?"

మూడు చెప్పమన్నాను.